ముప్పై ముంగిట ముప్పుతిప్పల చిట్కాలు

ముందు ఒక గ్లూ గన్ను కొనుక్కో అమ్మాయ్, మిగతా మాటలు తర్వాత. సంక్రాంతి నెలలోనే పాపకి ఏడాది నిండుతుందనీ, అదే నెలలో నీకు ముప్పై నిండుతాయనీ రాశావు. అత్తవారిది అమలాపురం, పుట్టిల్లు కరీంనగర్, కాపురమేమో హైదరాబాదులో లిఫ్టు ఒకరోజు పనిచేసి రెండ్రోజులు పడుకునే ఫ్లాటులో. ఇంత యోగం ఎంతమందికి పడుతుంది! రెండు వైపుల పండగలూ నీ నెత్తినే ఉన్నాయి. అన్నీ ఇంట్లోనే, నీ చేతుల్తోనే చెయ్యాలి. ఒక్క తోరణం బజార్లో కొన్నా పక్కింటివాళ్లు పట్టించుకోరు గానీ, నీ ఫోనులో కాపురముంటున్న మిగతా తల్లులు నిన్ను క్షమించరు.

ఇప్పుడు నెలల ఫొటోల సంగతి తేల్చు. గోడకి పన్నెండూ వరసగా వేలాడదీయకపోతే అది పుట్టినరోజెలా అవుతుంది? మూడో నెలదీ ఐదో నెలదీ తీయలేకపోయాననీ, అప్పుడు పాపకి జ్వరమనీ, నీకు నిద్ర లేదనీ సాకులు చెప్పావు. దానికేం, ఇప్పుడే పాత గౌను తొడిగి, దుప్పటి మీద కందిపప్పుతో మూడంకె వేసి తీసెయ్. పది నెలల పిల్ల మూడు నెలల పిల్లలా కదలకుండా పడుకోదు, నిజమే. అందుకే నిద్రపోయాక తియ్యాలి. గౌను పట్టకపోతే వీపు దగ్గర కత్తిరించు, ఫొటోలో వీపు కనపడదు. నోరు మూసి ఉందో లేదో మాత్రం చూసుకో. మూడో నెలకే పళ్లొచ్చిన పిల్లని చూస్తే మీ అత్తగారు శాంతి చేయించాలంటారు.

ఏడో నెలలో అన్నప్రాసనకి నా సలహా పాటించినందుకు మురిసిపోయాను. పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి అందరూ పెడతారు. నువ్వు అవన్నీ ఊలుతో అల్లి పెట్టావు. పిల్ల అందినవన్నీ నోట్లో కుక్కుకుంది కాబట్టి పెద్దయ్యాక ఏమవుతుందో తేలలేదు గానీ, ఆ ఊలు రంగు దిగుతుందని తేలింది. మిగిలిన ఊలుతో క్లిప్పులూ, తలకి చుట్టే పూలపట్టీలూ అల్లడం మొదలుపెట్టు, గౌనుకో రంగు చొప్పున. ఏడాది నిండగానే తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మీరు మొక్కుకున్న సంగతి నాకు గుర్తుంది. కల్యాణకట్టలో తల నీలాలు తీసినందుకు రుసుమేమీ ఉండదు. ఆ తర్వాత కొన్నాళ్లు నీ క్లిప్పులకి పాప తల మీద చోటూ ఉండదు. కాబట్టి ఆ ఫొటోలన్నీ కొండెక్కకముందే తీసుకో.

మొన్న సద్దుల బతుకమ్మకి పుట్టింట్లో ఏం జరిగిందో నువ్వు రాసింది చదివి నిజంగా బాధపడ్డాను. మీ అమ్మ, మేనత్తలు, వదిన, పక్కింటి పిల్లలు చుట్టూ కూర్చుని గునుగుపూలకి రంగులద్దుతూ, తంగేడు కట్టలు కడుతూ, ఎవరి కబుర్లు వాళ్లు చెప్పుకుంటూ బతుకమ్మని పేర్చేశారట. ఏ వరస ఎవరు పేర్చారో ఎవరికీ గుర్తు లేదట. నిన్నయితే పాపకి పాలిచ్చి కాసేపు నడుం వాల్చమన్నారట. చివరికి అంత అందమైన వస్తువుని తీసుకెళ్లి చెరువులో వదిలేశారు! ఇదా పద్ధతి? చేసినవాళ్ల పేరు తెలియకపోతే ఆ పనికి విలువెక్కడుంటుంది? వచ్చే ఏడు శాటిన్ రిబ్బన్లతో నువ్వొక్కదానివే చెయ్యి. వాడదు, కరగదు, మునగదు. అటక మీద దాచుకోవచ్చు. అటక నిండితే మంచం కింద ఎలాగూ ఖాళీ ఉంటుంది.

ఇక సంక్రాంతి. కోస్తా ఇళ్లలో బొమ్మల కొలువు ఎక్కువగా సంక్రాంతికే పెడతారు కాబట్టి, ట్రంకుపెట్టె దించమని మీ అత్తగారు ఇప్పటికే అడుగుతూ ఉంటారు. దించకు. అందులో ఉన్నవి కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, ఆవిడ అమ్మమ్మ నాటి చెవి విరిగిన మట్టి ఆవు. అందరూ చూసినవే. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కని చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికిస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పుతూ చెక్కుతారు, తిరిగే కర్రకి లక్కని ఒత్తితే ఆ రాపిడి వేడికే అది కరిగి రంగు పట్టేస్తుంది. తరాల తరబడి వాళ్ల చేతుల్లో చేరిన ఆ పనితనం, పాప మధ్యాహ్నం కునుకు తీసే ముప్పావుగంటలో నీకు రాకుండా ఎక్కడికి పోతుంది? కోడిగుడ్ల అట్టలు నానబెట్టి దశావతారాలు చెయ్యి. మత్స్యం, కూర్మం దాకా అట్ట సహకరిస్తుంది. మూడోది వరాహం. అక్కణ్నుంచి కల్కి దాకా అన్నీ వరాహాల్లాగే వస్తాయి. కింద పేర్లు రాసి చీటీలు అంటించు, పేరంటానికి వచ్చినవాళ్లు చదువుకుంటారు.

కాగితపు గుజ్జు మాట ఎత్తగానే మీ అత్తగారు అందుకుంటారు, జాగ్రత్త. పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి, రుబ్బి, చేటలకీ బుట్టలకీ పూసేవాళ్లమనీ, పక్కన కూర్చుంటే నేర్పిస్తాననీ అంటారు. ఒప్పుకున్నావంటే చెడ్డట్టే. ఎండ బాగా కాస్తే నాలుగు రోజుల్లో గట్టి బుట్ట తయారై, ఉల్లిపాయలు పోసుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోతుంది. చేతిపని అన్నాక అలా వాడకంలోకి దిగిపోకూడదు. పైగా అందులో ఆవిడ చెయ్యి కూడా పడితే ఫొటో కింద ఎవరి పేరు రాస్తావు?

భోగినాటి సాయంత్రం పాపకి భోగిపళ్లు పోస్తారు కదా, అక్కడా కొంత సంస్కరణ అవసరం. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిరేకులు, చిల్లర కలిపి దిష్టి తీసి నెత్తిన పోస్తే గౌనుకి మరకలు పడతాయి. రేగిపళ్లకి బదులు ఎర్ర ఊలు ఉండలు చుట్టు. చిల్లరకి బదులు బంగారు రంగు కాగితపు బిళ్లలు కత్తిరించు. చుట్టూ మూగిన పిల్లలు ఎగబడి ఏరుకుని, చేతిలో ఏముందో చూసుకుని, మళ్లీ ఏడాది మీ ఇంటి ఛాయలకి రారు. నట్టిల్లు శుభ్రంగా ఉంటుంది.

పుట్టినరోజు అలంకారం గురించి ఎక్కువ చెప్పను, నీకే తెలుసు. వెనక గోడకి థర్మోకోల్‌తో పెద్ద ఒకటంకె కోద్దామనుకుంటున్నావేమో, అలంకరణ థర్మోకోల్‌నీ బెలూన్లకి గుచ్చే ప్లాస్టిక్ పుల్లల్నీ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కంగారుపడకు, అట్టతో చేస్తే రెట్టింపు సమయం పడుతుంది, అంటే రెట్టింపు ప్రేమ. ఇంట్లో చేస్తే డబ్బు ఆదా అని మీ ఆయనకి చెప్పు. రెండొందల రూపాయల తోరణం బదులు ఛార్టులు, గ్లిట్టరు, క్రేప్ కాగితం, రెండు రకాల కత్తెరలు, గ్లూ గన్నులోకి జిగురు కడ్డీలు, కొరియరు ఖర్చు, అన్నీ కలిపి మూడు వేలు దాటనివ్వకు. మామిడాకులు కట్టేస్తాను, అరగంట పని అని మీ మామగారు నిచ్చెన తెచ్చుకుంటే ఆ నిచ్చెన దాచెయ్యి.

కేకు కోసే వేళకి పాప నిద్రపోతుంది. లేపు. ఏడుస్తుంది. ఏడుపైనా నవ్వైనా నోరు తెరిచే ఉంటుంది కాబట్టి ఫొటోకి ఇబ్బంది లేదు. వచ్చిన పిల్లలకి పెన్సిళ్లూ చాక్లెట్లూ కాకుండా, నువ్వు పాత చీర చింపి కుట్టిన సంచిలో ఇంట్లో ఆడించిన సున్నిపిండి పోసి ఇవ్వు. పిల్లలు సంచి విప్పి మొహాలు వేలాడేస్తారు. వాళ్ల తల్లులు మాత్రం “ఎంత ఓపికమ్మా నీకు!” అంటారు. ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్నాళ్లు రాత్రి రెండింటిదాకా మేలుకున్నది. ఆ మాట అన్నవాళ్లెవరూ ఎంగిలి ప్లేట్లు తీయడానికి ఆగరు. ఆగుతామన్నా పంపించెయ్యి, వాళ్లకేం తెలుసు మీ ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుంటుందో.

ఇంతకీ నీ ముప్పై. మనవాళ్లు అన్నిటికీ తంతు పెట్టారు గానీ ముప్పై ఏళ్ల ఆడదాన్ని మర్చిపోయారు. ఏడాది నిండితే ఆయుష్య హోమం, అరవైకి షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటి వెయ్యి పున్నములు చూస్తే సహస్ర చంద్ర దర్శనం. నీ లెక్క ఇప్పటికి 370 పున్నముల దగ్గరుంది. వాటిలో చివరి పదీ మాత్రం పాపని భుజాన వేసుకుని బాల్కనీలో తిరుగుతూ నువ్వు నిజంగానే చూసి ఉంటావు. 1997 జనవరి అంటే ధాత నామ సంవత్సరం. ఇప్పుడు నడుస్తున్నది పరాభవ. అరవై ఏళ్ల చక్రంలో సరిగ్గా సగం తిరిగావన్నమాట. సంవత్సరం పేరు చూసి దిగులుపడకు.

మీ అత్తగారు తిథి ప్రకారం చేస్తారు, మీ ఆయన తేదీ ప్రకారం చేస్తాడు, కాబట్టి నీకు రెండు పుట్టినరోజులు. రెండిటికీ నువ్వే సిద్ధం చేసుకోవాలి. మీ ఆయనకి ఎట్టి పరిస్థితుల్లోనూ గుర్తు చెయ్యకు. గుర్తు చేస్తే ఏం చేస్తాడో తెలుసా? వీధి చివర బేకరీలో కేకు చెప్తాడు, ఒక చీర తెస్తాడు, పాపని నాయనమ్మ దగ్గర వదిలి నిన్ను భోజనానికి బయటికి తీసుకెళ్తాడు, తిరిగొచ్చాక నువ్వు తొమ్మిదింటికే నిద్రపోతావు. ముప్పై ఏళ్లనీ ఒక్క పూటలో తేల్చేసినట్టు కాదూ! అలా జరగకూడదంటే ‘ముప్పైలోకి స్వాగతం’ అని అట్ట అక్షరాలు నువ్వే కత్తిరించి, అటక మీద దాచి, ఆ రాత్రి అందరూ పడుకున్నాక గోడకి అంటించి, పొద్దున్నే తలుపు తీసి నువ్వే ఆశ్చర్యపోవాలి. అద్దం ముందు రెండుసార్లు సాధన చేసుకో. నీ చిన్నప్పటి ఫొటోలతో దండ కూడా గుచ్చు. ఇరవై తొమ్మిదో ఏటి ఫొటో కోసం వెతికితే దొరకదు. ఉన్న ఫొటోలన్నిట్లో పాపే ఉంటుంది, నువ్వు ఫోను ఇవతల ఉంటావు. ఆ ఒక్క చోటా పాప ఫొటో పెట్టెయ్యి, ఎవరూ కనిపెట్టరు.

అన్నట్టు, ఆ రోజు టిఫినూ నీదే. మీ ఆయన హోటలు నుంచి తెస్తానంటాడు, వద్దను. మినప్పప్పు ముందురోజు పొద్దున్నే నానబోసుకో. జనవరి చలికి ఇడ్లీ పిండి తొందరగా పులవదు.