చిన్నోడి బలపాలు

మొదట సుద్దముక్క వాసన పట్టుకుంది నన్ను. 2017 జులై. నాకు నాలుగో నెల దాటింది. గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. బోర్డు మీద గుండె బొమ్మ వేస్తుంటే సుద్దపొడి రాలి వేళ్ల మీద పడింది, ఉన్నట్టుండి నోట్లో నీళ్లూరాయి. పచ్చి చింతకాయని చూస్తే ఊరతాయే, అలా. పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూముకి వెళ్లకుండా మెట్ల కింద నిలబడి, చేతిలో మిగిలిన ముక్కని కొరికాను. పళ్ల మధ్య అది మెత్తగా విరిగి పిండయింది. ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. అది ఇంకా గుర్తుండడమే నాకు భయం వేస్తుంది.

అదే బోర్డు మీద అంతకు వారం ముందు హిమోగ్లోబిన్ అని రాసి కింద గీత గీశాను. ఇనుము తక్కువైతే రక్తం పలచబడుతుందని, అలాంటివాళ్లలో కొందరికి మట్టి, సుద్ద, పచ్చి బియ్యం తినాలనిపిస్తుందని, దాన్ని పైకా అంటారని పిల్లలకి చెప్పాను. చెప్పిన నోటితోనే తిన్నాను. తెలియక చేసిన తప్పయితే ఇంత రాయాల్సిన పని లేదు.

వేవిళ్ల కోరికలంటే మన ఇళ్లలో ఎంత మురిపెమో. కడుపుతో ఉన్న పిల్ల పుల్లమామిడికాయ అడిగితే అర్ధరాత్రయినా ఎవరో ఒకరు వెతికి తెస్తారు. కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవి కారుతుందంటారు. ఆయుర్వేదం నాలుగో నెల గర్భిణిని దౌహృదిని అంది. రెండు హృదయాలున్న మనిషి, ఒకటి తనది, ఒకటి బిడ్డది. కాబట్టి ఆమె అడిగేది బిడ్డ అడిగినట్టే. ఉత్తరకాండలో రాముడు ఏం కావాలని అడిగితే సీత గంగ ఒడ్డున మునుల ఆశ్రమాలు చూడాలంటుంది. అంత పెద్దమాట ఉంది మనకి కోరిక గురించి. కానీ సుద్దముక్క, పొయ్యి మట్టి, కుండపెంకు, విబూది ఆ లెక్కలోకి రావు. అవి కొంగున దాచుకుని పెరట్లో తినేవి. మా వీధిలో ఒకామె పచ్చి బియ్యం గుప్పిళ్లతో నమిలేది. ఎవరైనా వస్తే ఎసట్లో పొయ్యడానికి తీసినట్టు చేటలోకి జార్చేసేది. నేనూ ఆమె దారే పట్టాను. నా కోరిక ఆవకాయ అని అందరికీ చెప్పుకున్నాను. సుద్ద సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆవకాయ మాత్రం అబద్ధం కాదు. ఆ ఏడు అమ్మ పంపిన జాడీ మూత తీస్తే చాలు, ఆవఘాటుకి ప్రాణం లేచొచ్చేది. రాత్రి తొమ్మిదింటికి అందరితో పాటు తినేదాన్ని. పదకొండింటికి మళ్లీ లేచి, గిన్నెలో మిగిలిన చల్లన్నంలో ఆవకాయ గుజ్జు, నెయ్యి కలుపుకుని నిలబడే తినేసి, వచ్చి పడుకునేదాన్ని. ఐదో నెల సగానికి వచ్చేసరికి దానికి బదులు దొరకడం మొదలైంది. రొమ్మెముక వెనకాల నిప్పుకణిక పెట్టినట్టుండేది. అది మెల్లగా గొంతుదాకా పాకేది. పుల్లటి త్రేన్పుతో పాటు నూనె, కారం వెనక్కి తన్నుకొచ్చేవి. లేచి కూర్చుంటే కాస్త తగ్గేది, వాలితే మళ్లీ మొదలు. చాలా రాత్రులు గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చాను.

దానికి కారణమూ నాకు తెలుసు. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ కండరాలని వదులు చేస్తుంది. అన్నవాహిక పొట్టలోకి దిగేచోట మూతలా బిగిసి ఉండే కండరం కూడా వదులై, లోపలి ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పొట్టని కింద నుంచి నొక్కుతుంది. అలాంటప్పుడు నిండా తిని వెంటనే పడుకోవడమంటే మూత సరిగా పడని సీసాని అడ్డంగా పెట్టడమే. ఇంత తెలిసీ నేను రాత్రి రెండో తిండి మానలేదు. వంటింట్లోకి వెళ్లి గ్లాసు నీళ్లలో అరచెంచా వంటసోడా కలుపుకుని గడగడా తాగాను. పెద్ద త్రేన్పు ఒకటి వచ్చి మంట చప్పున ఆరింది. ఇక రోజూ అదే. సోడాలో ఉన్నది సోడియం. ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, మోతాదు మించితే రక్తంలో క్షారం పెరుగుతుంది, గర్భిణులకి అది పనికిరాదు. పైగా ఆహారంలోనిదైనా మాత్రలోనిదైనా ఇనుము ఒంటికి పట్టాలంటే పొట్టలో ఆమ్లం ఉండాలి. ఆ ఆమ్లాన్నే నేను పూటపూటా చంపుకుంటూ వచ్చాను.

తర్వాత మాత్రలు మానేశాను. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

నాలుగో నెల నుంచి కాన్పు దాకా రోజుకొకటి, 180 రోజులు వేసుకోమని ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర మాత్రలవి. ఒక్కోదాంట్లో ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. నేను వాటిని రాత్రి భోజనమయ్యాక, పాలతో వేసుకునేదాన్ని. పాలలోని కాల్షియం ఇనుముకి అడ్డమని గుర్తే రాలేదు. మంట ఎక్కువైన ఒక రాత్రి దానికి కారణం ఈ మాత్రేనని తీర్మానించుకున్నాను. ఆవకాయని అనుమానించలేదు, మాత్రని అనుమానించాను. ఇష్టమైనదాన్ని వదలలేక ఇష్టం లేనిదాని మీద నేరం మోపాను. మానేసిన రెండు రోజులకి మంట కొంచెం తగ్గినట్టు అనిపించింది, అంతే, సాక్ష్యం దొరికిందనుకున్నాను. ఐరన్ కొందరికి కడుపులో తిప్పడం, మలబద్ధకం తెస్తుంది, నిజమే. అలాంటప్పుడు వేళ మార్చుకోవాలి, డాక్టర్‌తో చెప్పి మాత్ర మార్పించుకోవాలి. నేను ఎవరితోనూ చెప్పలేదు. నెల తిరిగేసరికి రోజుకి ఒక సుద్దముక్క చాలకుండా పోయింది. ఆ రెంటికీ సంబంధం ఉందని అప్పుడు నా బుర్రకి తట్టలేదంటే ఈనాటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

ఏడో నెలలో శ్రీమంతం చేసి, గాజులు తొడిగి పుట్టింటికి పంపారు. తెనాలి దగ్గర మా ఊరు, ఇంటి వెనకే కాలవ. మొదటి రాత్రి నేను మంచం మీద కూర్చునే ఉండడం నాన్న చూశాడు. ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున దొడ్లోంచి రెండు ఇటుకలు తెచ్చి, కడిగి, ఎండలో ఆరబెట్టి, మధ్యాహ్నం నా మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కొక్కటి పెట్టాడు. మంచం కదులుతుందేమోనని తానే పడుకుని ఇటూ అటూ దొర్లి చూశాడు. "ఎడమపక్కకి తిరిగి పడుకో అమ్మడూ" అన్నాడు. ఆయనకి కడుపులో పుండు ఉన్న రోజుల్లో డాక్టరు చెప్పాడట. ఆ రాత్రి రెండు నెలల తర్వాత నాలుగు గంటలు ఏకంగా నిద్రపోయాను. అమ్మ మాత్రం "ఓర్చుకో తల్లీ, గుండెల్లో మంటుంటే బిడ్డకి జుట్టు ఒత్తుగా వస్తుంది" అంది. మూఢనమ్మకమని విసుక్కున్నాను. తర్వాత చదివాను, 2006లో అమెరికాలోని బాల్టిమోర్‌లో 64 మంది గర్భిణులని గమనిస్తే, మంట ఎక్కువగా పడ్డవాళ్లలో ఎక్కువమంది బిడ్డలకి జుట్టు బాగానే ఉందట. కండరాన్ని వదులు చేసే హార్మోన్లకే జుట్టుతోనూ సంబంధం ఉండొచ్చని ఆ పరిశోధకులు అన్నారు. అమ్మ మాటని అంత తేలిగ్గా తీసిపారేసిన నేను, నా సొంత తీర్మానాలని ఒక్కసారీ పరీక్షించుకోలేదు.

మా ఊళ్లో ఆశా కార్యకర్త వారం వారం వచ్చి ఖాళీ స్ట్రిప్పులు చూపించమనేది. "రక్తం మాత్రలు మింగుతున్నావా అమ్మాయ్?" అని అడిగేది. ఆమె వచ్చే ముందురోజు సాయంత్రం కాలవగట్టు మీదికి నడక అని చెప్పి వెళ్లి, ఒక్కో మాత్ర బొటనవేలితో నొక్కి రేకులోంచి ఊడదీసి నీళ్లలో వేసేదాన్ని. ఏడు మాత్రలు, ఏడు చిన్న చప్పుళ్లు. మర్నాడు రేకు చూపిస్తే ఆమె పుస్తకంలో టిక్కు పెట్టుకుని, "చదువుకున్నదానివి, నీతో బాధ లేదు" అని మెచ్చుకుని వెళ్లేది. ఆ మెప్పు నేను తీసుకున్నాను.

పుట్టింట్లో సుద్దముక్కలు లేవు. మా అన్నయ్య కొడుకు బలపాలు ఉన్నాయి. వాడికి అప్పుడు ఐదేళ్లు, ఇంట్లో అందరూ చిన్నోడనే పిలిచేవాళ్లు. వాడి పలక తడిబట్టతో తుడిచినప్పుడు వచ్చే వాసనకే నా ఒళ్లు ఊగేది. తొలకరి పడ్డప్పుడు నేల లేపే వాసన అది. మొదట విరిగిన ముక్కలు తీసుకున్నాను. తర్వాత కొత్తవే. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ బియ్యం డబ్బా వెనక కూర్చుని, చప్పుడు కాకుండా బుగ్గలో పెట్టి నానబెట్టి కొరికేదాన్ని. అది తింటే మంట కూడా తగ్గుతోందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

నవంబరు మొదటి వారంలో ఒక పొద్దున చిన్నోడు బళ్లోకి వెళ్లనని ఏడుస్తూ కూర్చున్నాడు. సంచిలో బలపం లేదు, టీచరు నిలబెడుతుందట. నాన్న మొన్ననే డబ్బా కొనిచ్చాడు. అమ్మకి ఒళ్లు మండింది. "రోజూ డబ్బాడు బలపాలు ఎక్కడ పారేస్తున్నావురా?" అని వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. "నేను పారెయ్యలేదు నానమ్మా, నేను పారెయ్యలేదు" అంటూ వాడు నా వైపు చూశాడు. నాకేదో తెలుసని కాదు. రోజూ వాడిని వెనకేసుకొచ్చేదాన్ని నేనే కాబట్టి. నా నోట్లో అప్పటికింకా బలపం రుచి ఉంది. నేను మాట్లాడలేదు. ఎత్తుకోలేదు కూడా, దగ్గరికొస్తే వాసన పసిగడతాడని. వాడు ముక్కు తుడుచుకుంటూ, ఖాళీ పలక పట్టుకుని వెళ్లాడు.

ప్రభుత్వాసుపత్రిలో ప్రతినెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టరు పరీక్షలుంటాయి. ఆ నెల అమ్మ తీసుకెళ్లింది. మూడో నెలలో 11.2 ఉన్న హిమోగ్లోబిన్ 7.9కి వచ్చింది. గర్భిణికి 11 ఉండాలి, 7 కన్నా కిందికి పడితే ప్రాణం మీదికి వచ్చినట్టు. డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది, నాలుక చూసింది, గోళ్లు చూసింది. "మాత్రలు వేసుకుంటున్నావా?" వేసుకుంటున్నానన్నాను. "మట్టి, బలపాలు, బియ్యం, ఏమైనా తింటున్నావా?" అమ్మ పక్కనే ఉంది. లేదన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, చీటీ మీద ముద్ర వేయించుకు రమ్మని అమ్మని బయటికి పంపింది. తలుపు మూసుకున్నాక అదే గొంతుతో, "రోజుకి ఎన్ని?" అంది.

"నాలుగైదు" అన్నాను. ఆపైన అన్నీ చెప్పేశాను, కాలవతో సహా. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదేమో. బలపం, మట్టి తిన్నకొద్దీ తిండిలోని ఇనుము కూడా ఒంటికి పట్టదని, మట్టిలో పురుగు గుడ్లు, సీసం ఉండొచ్చని చెప్పింది. చివరి మూడు నెలల్లో బిడ్డ తల్లి దగ్గర్నుంచి ఇనుము తీసి దాచుకుంటుంది, పుట్టాక ఆరు నెలలు దాని మీదే నెట్టుకొస్తుంది, అంది. "దాచుకోవడానికి నువ్వేం ఉంచావమ్మా?" అని అడిగింది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

రోజు విడిచి రోజు ఐరన్ సుక్రోజ్ ఎక్కించారు, ఒక్కోసారి 200 మిల్లీగ్రాములు, సెలైన్‌లో కలిపి. చిక్కటి చింతపండు పులుసు రంగులో ఉంటుంది. గొట్టంలోంచి అది నా చేతిలోకి దిగుతుంటే కాలవలో పడ్డ మాత్రలు లెక్కపెట్టుకునేదాన్ని. రెండు వారాలు తిరక్కుండానే చిన్నోడి పలక వాసన ఉత్త పలక వాసనయిపోయింది. ఊరిన నీళ్లు లేవు, గుండె దడ లేదు. అంత పెద్ద తపన ఒంట్లో ఇనుము చేరగానే అలా జారిపోవడం చూసి దుఃఖం వచ్చింది. ఒళ్లు అన్నాళ్లూ అడిగింది అదేనన్నమాట.

మంటకీ చేయగలిగింది కొంచెమే, కానీ ఆ కొంచెం పని చేసింది. రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినడం, రాత్రి ఏడున్నరకల్లా ముగించడం, తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకపోవడం, నీళ్లు భోజనం మధ్యలో కాకుండా విడిగా తాగడం. ఆవకాయ పూర్తిగా మానలేదు, మధ్యాహ్నం పెరుగన్నంలో చిన్న ముక్క. సోడా బదులు డాక్టరు రాసిచ్చిన మందు, అదీ ఐరన్ మాత్రకి రెండు గంటలు ఎడంగా. మాత్ర నిమ్మరసం నీళ్లతో. ఇటుకలు కాన్పు దాకా అలాగే ఉన్నాయి.

డిసెంబరు ఆఖరి వారంలో పాప పుట్టింది. జుట్టు ఒత్తుగా ఉంది. మంట ఆ రోజుతో పోయింది. పాపకి ఆరో నెల దాటి పరీక్ష చేయించేదాకా మాత్రం నేను కంటినిండా నిద్రపోలేదు.

చిన్నోడికి ఆ సంగతి చెప్పడానికి నాకు ఏళ్లు పట్టింది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చెప్పాను. వాడిప్పుడు నాకన్నా పొడుగు. గాలిపటం తోక ముడేస్తూ విన్నాడు. "నాకస్సలు గుర్తు లేదత్తా" అన్నాడు, పెద్ద విషయమేమీ కాదన్నట్టు. తోక లాగి చూసుకుని డాబా మీదికి పరిగెత్తాడు.

అమ్మ వరండాలో బియ్యం చెరుగుతోంది. ఆమెకీ అప్పుడే తెలిసింది. చేట ఆగిపోయింది. "రెండు దెబ్బలు వేశాను వాణ్ణి" అంది. నూకలు ఏరడం మర్చిపోయి, వాడు ఎక్కి వెళ్లిన మెట్ల వైపే చూస్తూ కూర్చుంది.