తుపాకీ తెలుసు, తల్లి తెలీదు

మా రోజుల్లో యుద్ధమైనా, రాకెట్టయినా, వేరే గ్రహమైనా ముందు కాగితం మీదే వచ్చేది. చించినాడ వంతెన ఇంకా లేదు. రాజోలు వైపు వాళ్లం పాలకొల్లు వెళ్లాలంటే వశిష్ఠ మీద పంటు ఎక్కాల్సిందే. వారపత్రిక ఒక్కరోజు ఆలస్యమైతే ఊళ్లో చాలామందికి కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఒకే పత్రిక నాలుగిళ్లు తిరిగి మా ఇంటికి చేరేసరికి మూలలు నలిగిపోయేవి. అందరూ చదివేశాక సీరియల్ పేజీలు విడదీసి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో మూడుచోట్ల పొడిచి దారంతో బిగించేవాళ్లం. పురుగు పట్టకుండా మైదాలో కాస్త మైలుతుత్తం వేసి ఉడికించి, ఆ జిగురుతో అట్ట అంటించేవాళ్లం. ఒక వారానికీ మరో వారానికీ మధ్య ఉన్న ఆ ఏడు రోజులూ కథ మా బుర్రల్లోనే నడిచేది. కొబ్బరికాయలు వలిచే చోట కూర్చుని, హీరో ఎలా బయటపడతాడో వాదించుకునేవాళ్లం.

యండమూరి వీరేంద్రనాథ్ పుట్టింది మా రాజోల్లోనే. ‘తులసిదళం’ గురించి అందరూ చెబుతారు గానీ ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ లాంటి ఆయన సైన్స్ నవలల మాట ఎత్తేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. అంతరిక్షం, గ్రహాలు, ప్రళయం, ఇవన్నీ పొలం పని చేసుకునేవాడు కూడా తెలుగులో హాయిగా చదివేశాడు.

ఇప్పుడేమో ఆట ముందొస్తోంది. పుస్తకం వస్తే దాని వెనక వస్తోంది, లేకపోతే అసలు రాదు.

అమలాపురంలో నేను మొదట చూసిన అంతరిక్ష సైనికులు ‘కాంట్రా’ ఆటలో ఇద్దరు. టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టి ఆడేవాళ్లు. చొక్కాల్లేని ఇద్దరు మనుషులు పరిగెడుతూ, దూకుతూ గ్రహాంతర జీవుల్ని కాల్చిపారేస్తుంటారు. వాళ్లకీ పేర్లున్నాయట, బిల్, లాన్స్ అని. ఆడేవాళ్లలో ఒక్కడూ ఆ పేర్లు ఎత్తగా నేను వినలేదు. తర్వాత ఫోన్లు వచ్చాయి, పబ్జీ వచ్చింది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించింది, 2021 జూలైలో అది బీజీఎమ్ఐ అయి తిరిగొచ్చింది. అరుగు మీద కూర్చుని ఆడుతున్న మా మనవణ్ణి అడిగాను, “ఏరా, ఈ సిపాయిది ఏ ఊరు?” అని. “ఊరేంటి తాతగారూ, స్పాన్ అవుతాడంతే” అన్నాడు. చస్తే మళ్లీ పుడతాడు, కొత్త తుపాకీ ఏరుకుంటాడు. ఆ తుపాకీల పేర్లు మాత్రం వాడికి కంఠతా వచ్చు. అది విని నాకు ఒళ్లు మండింది.

వాడే ఒక పుస్తకం తెచ్చిచ్చాడు. ‘హేలో’ అనే ఆట ఉంది. 2001 నవంబరులో వచ్చింది. దానికి ఎరిక్ నైలండ్ అనే ఆయన రాసిన నవల ‘ద ఫాల్ ఆఫ్ రీచ్’. ఇది మాత్రం ఆటకంటే కొద్దివారాల ముందే బజారులోకి వచ్చింది. ఏడు వారాల్లో రాశాడట. తొందరపాటు కనిపించే చోట్లు ఉన్నాయి, అంతరిక్ష నౌకల పోరాటాలు అక్కడక్కడ సాగదీశాడు. అయినా ఆ నవల నేను కింద పెట్టలేకపోయాను.

ఆటలో ఆకుపచ్చ కవచం వేసుకుని, ముఖం చూపించకుండా తిరిగే సైనికుడు ఒకడున్నాడు. మాస్టర్ చీఫ్ అంటారు. నవల వాణ్ణి ఆరేళ్ల పిల్లాడిగా చూపిస్తుంది. పేరు జాన్. బడి ఆవరణలో ఆడుకుంటుంటే హాల్సీ అనే సైంటిస్టు వచ్చి పలకరిస్తుంది. పాత నాణెం ఒకటి గాల్లోకి ఎగరేసి, ఏ వైపు పడుతుందో చెప్పమంటుంది. వాడు నాణేన్ని గాల్లోనే పట్టి, ఏ వైపుందో చెప్పేస్తాడు. అక్కడే వాడి బతుకు తేలిపోయింది. అలా 75 మంది పిల్లల్ని ఎత్తుకుపోతారు. తల్లిదండ్రులకు తెలియకుండా ఆ పిల్లల బదులు అచ్చం వాళ్లలాంటి క్లోన్లను ఇళ్లలో పడుకోబెడతారు. ఆ క్లోన్లు జబ్బుపడి చనిపోతే, కన్నవాళ్లు తమ బిడ్డే పోయిందని ఏడుస్తారు. అసలు బిడ్డలు ఎక్కడో కవాతు చేస్తుంటారు. పద్నాలుగేళ్లకు వాళ్ల ఎముకలూ కండలూ మార్చే ఆపరేషన్లు చేస్తే 30 మంది చనిపోతారు, 12 మంది అవిటివాళ్లవుతారు.

ఇంత ఉంది ఆ కవచం లోపల! ఇది తెలిశాక ఆట ఆడేవాడి వేలు ట్రిగ్గర్ మీద కాసేపైనా ఆగాలి. “ఇది చదివావా?” అని మావాణ్ణి అడిగితే, “కథ యూట్యూబ్‌లో పది నిమిషాల్లో చెప్పేస్తారండీ” అన్నాడు. నాకున్న కోపమంతా ఈ పది నిమిషాల మీదే. ఆ తల్లి ఏడుపు పది నిమిషాల్లో ఎలా పడుతుంది? రాసినవాడు చాకిరీ చేశాడు. చదవాల్సినవాడే ఒళ్లు దాచుకుంటున్నాడు.

ఇంకొకటి. ఆ నవలలో శత్రువులు పైనుంచి నిప్పు కురిపించి గ్రహాలకు గ్రహాల్నే గాజులా కరిగించేస్తారు. అది చదువుతుంటే నాకు మరో లోకం గుర్తు రాలేదు, పాసర్లపూడే కనిపించింది. 1995 జనవరిలో అక్కడ ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి, మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి అన్నదే లేకుండా పోయింది. ఆ హోరు, ఆ వేడి, ఊళ్లు ఖాళీ చేసి గేదెల్ని తోలుకుంటూ పోయిన జనం, ఇవన్నీ చూసినవాళ్లు ఈ గడ్డ మీదే ఉన్నారు. భూమి లోపల్నుంచి వచ్చిన అలాంటి మంటతో మొదలయ్యే సైన్స్ నవల మన తెలుగులో ఉండాలా వద్దా? ఎక్కడో ఊహించి రాసుకున్న గ్రహానికి అంత పెద్ద పుస్తకం ఉంటే, కళ్లారా చూసిన మనకు నవలే కరువా?

ఇంతకంటే బాధపెట్టేది గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి ఆ లోయలో చైనా సైనికులతో తుపాకీ పేలకుండా, రాళ్లతో, ఇనప చువ్వలతో జరిగిన పోరాటంలో మనవాళ్లు 20 మంది ప్రాణాలిచ్చారు. 16 బిహార్ బెటాలియన్‌ను నడిపించిన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నవాడు. 2021 గణతంత్ర దినోత్సవం ముందురోజు ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు. ఆ మర్నాడు, జనవరి 26న, గల్వాన్ మీద ‘ఫౌజీ’ అనే ఆట విడుదలైంది. ఏడాది తిరక్కుండానే ఆట తయారైపోయింది. ఆ చలిని, చిన్నప్పుడే ఇల్లు వదిలి హాస్టల్లో పెరిగే పిల్లాణ్ణి, సూర్యాపేటలో ఎదురుచూసే ఇంటిని ఓపిగ్గా చెప్పే తెలుగు నవల నా చేతికి ఇంతవరకూ రాలేదు. బొత్తాలు నొక్కి గల్వాన్‌లో కొట్లాడిన మా వీధి కుర్రాడికి సంతోష్‌బాబు పేరు నేను చెబితే గానీ తెలియలేదు.

రాసేవాళ్లు లేరంటే నేనొప్పుకోను. కుర్రాళ్లకు ఊహ ఉంది, ఇంగ్లీషు వచ్చు, ఆటల్లో ఎత్తులూ పైఎత్తులూ మాకంటే వాళ్లకే బాగా తెలుసు. రాసింది వేసేవాళ్లే లేరు. సీరియళ్లు వేసిన వారపత్రికలు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. అద్దె పుస్తకాల షాపు ఉన్నచోట సెల్‌ఫోన్ల రీచార్జి కొట్టు వెలిసింది. ఫోన్లో కథల యాప్‌లు ఉన్నాయంటే అవీ చూశాను. నాకు కనబడినంతలో ప్రేమకథలే ఎక్కువ.

సైనికుణ్ణి హీరోగా పెట్టి, రాబోయే వందేళ్ల యుద్ధాన్ని ఊహించి, అందులో వాడి అమ్మనీ నాన్ననీ మరిచిపోకుండా రాసే నవల కావాలి నాకు. రాజోలు కుర్రాడు రాసినా సరే, సూర్యాపేట అమ్మాయి రాసినా సరే. వారానికో భాగం అచ్చులో వేసే పత్రిక ఏదైనా ముందుకొస్తే ఏడాది చందా ముందే కట్టేస్తాను, మావాడి పేరు మీద ఇంకోటి కూడా.