గట్టి స్ప్రింగులు

విజయవాడ హైవే పక్కన, అబ్దుల్లాపూర్‌మెట్‌లో పాత బుల్లెట్లు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. నా బండి పని సాగుతుండగా ఒకాయన, ఇంటర్ చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. 1986 మోడల్ బుల్లెట్ 350. ఎనభై దాటితే ఇంజన్ తడబడుతోందట.

"ఇవి వెయ్యి. విదేశీ రేసింగ్ స్ప్రింగులు. కంపెనీవాటికన్నా చాలా గట్టివి," అంటూ ప్యాకెట్ ఇచ్చి, ఫోన్ రావడంతో పక్కకెళ్ళాడు. "ఆదివారం కూడా టెస్టు పెట్టండి సార్. ఇంకొంచెం టైట్ చెయ్యండి, ఏం కాదు."

కుర్రాడు సెల్‌ఫోన్ లైటు పట్టాడు. మెకానిక్ హెడ్డు విప్పి, వాల్వుకు రెండు చొప్పున, ఒకదాన్లో ఒకటి ఇమిడి ఉన్న స్ప్రింగులు తీసి కొలిచాడు. కొత్త కంపెనీ స్ప్రింగు పక్కన నిలబెడితే పొట్టిగా ఉన్నాయి.

తడబాటుకు కారణం అదే. క్యామ్ వాల్వును తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 2,500 సార్లు తెరుచుకోవాలి. స్ప్రింగు నీరసిస్తే వాల్వు క్యామ్ వెంట రాలేక గాల్లో తేలుతుంది. నీరసించినదాన్ని మార్చక తప్పదు. కానీ 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఈ ఇంజన్ నిదానంగా బరువు లాగడానికి పుట్టింది. రేసు ఇంజన్లలా ఎనిమిదివేలు, పదివేలు తిరిగేది కాదు. దీనికి మద్రాసు కంపెనీ లెక్కగట్టి ఇచ్చిన స్ప్రింగును మించింది లేదని నేనూ గట్టిగా నమ్ముతాను.

తండ్రి ఫోన్ పెట్టేసి వచ్చాడు. "గట్టివి వేస్తే నష్టమేంటి? ఎంత నొక్కితే అంత మంచిదేగా?"

"ఒత్తిడి పెంచితే ఉరుకుడు పెరగదు సార్," అన్నాడు మెకానిక్. "వాల్వు టైముకు మూసుకుంటే సాలు. మీదికెల్లి పెట్టిన జోరంత క్యామ్ మొయ్యాలె, ట్యాపెట్ మొయ్యాలె, పుష్‌రాడ్ మొయ్యాలె. ఇంగ జూడుండ్రి, వాల్వు మొత్తం తెరుసుకున్నప్పుడు స్ప్రింగు సుట్లు ఒకదానికొకటి ఆనొద్దు. ఇవి ఆన్తయి. ఆన్తే పుష్‌రాడ్ వంగుతది."

"వంగకపోతే?"

"కొన్ని నెల్లు మంచిగనే నడుస్తది. మీరు గూడ ఖుషీ అయితరు. లోపల క్యామ్ ముక్కు అరుగుతుంటది, బయటికి తెలువదు. తెలిసేనాటికి ఏ స్ప్రింగేసినా ఫాయిదా లేదు."

తండ్రి ప్యాకెట్ జేబులో పెట్టుకున్నాడు. "నిజమే. ఈ మాట ఎవరూ చెప్పలేదు నాకు. కంపెనీవే వెయ్యి. బండి రేపు తీసుకుంటా. వీణ్ణి ఆరింటిలోపు హాస్టల్లో దింపాలి."

కుర్రాడు లైటు పట్టుకునే ఉన్నాడు. తలెత్తలేదు.

"డాడీ, నాకు గూడ కంపెనీ స్ప్రింగులు సరిపోవా?"