వణుకు గారికి బహిరంగ లేఖ

అమలాపురం

అయ్యా వణుకు గారూ,

కోనసీమ వాణ్ణి, కోపమొచ్చినా 'అండి' మానలేను. పక్కింటి నీళ్ళ మోటారుతో వస్తారు, అంబాజీపేట కొబ్బరికాయల లారీతోనూ వస్తారు. వీధిలో మిమ్మల్నెవరూ పట్టించుకోరు. మా వెనక గదిలోకొస్తే మాత్రం నా రాత్రి పనంతా గోదాట్లో కలిసినట్టేనండి.

రిటైరైన ఫిజిక్సు లెక్చరర్ని. ఆ గదిలో వెలుతురుతో పట్టకారు కట్టాను. లేజరు కిరణాన్ని వందరెట్ల మైక్రోస్కోపు కటకంతో చుక్కలా కుదిస్తే, నీళ్ళలో తేలే పాలిస్టైరీన్ పూస ఆ చుక్కలో చిక్కుకుంటుంది. బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో చేసి చూపించిన పనే ఇది. 2018లో నోబెల్ వచ్చేనాటికి ఆయనకు 96 ఏళ్ళు. నాకింకా టైముంది.

పూస చిక్కాక ఆ పట్టు ఎంత గట్టిదో కొలవాలి. మైక్రాను పూసకి తూకపురాళ్ళెక్కడివి? దాని సొంత వణుకే కొలబద్ద. వేడికి నీటి అణువులు తోస్తుంటే, గాలానికి కట్టిన బెండులా తెరమీద అల్లాడుతూ ఉంటుంది. పట్టు బిగువైతే తక్కువ, వదులైతే ఎక్కువ. అల్లాట 20 నానోమీటర్లుంటే పట్టు మైక్రానుకు 10 పికోన్యూటన్లని లెక్క.

అక్కడ దూరారు మీరు. మీ వాటా కలిసి 20 కాస్తా 25 అయింది, నా 10 ఆరున్నరకి పడింది. తప్పు కటకానిదనుకుని మూడు వారాలు తుడిచాను. చివరికి నీళ్ళను సెకనుకు 100 మైక్రాన్ల వేగంతో పూస మీదుగా పారించాను. ఆ ఈడ్పు 0.85 పికోన్యూటన్లు. పూస సగటున 85 నానోమీటర్లు పక్కకి జరిగింది. భాగించి చూస్తే పదే! అటూ ఇటూ ఊపే మీరు సగటుని కదపలేరు కదా, దొరికిపోయారండి.

స్కూటర్ ట్యూబుల మీద కడప బండ వేసి సరంజామా అంతా దానిమీదకెక్కించాను. మోటారు ఎంతైనా మర్యాదస్తురాలు. సెకనుకు సుమారు 48 చుట్లు, గ్రాఫులో అక్కడే ముల్లులా లేస్తుంది, పీకేసి లెక్క కట్టుకుంటాను. లారీతో వచ్చే మీ రూపమే నికృష్టం. నిదానంగా, అడ్డదిడ్డంగా, ఈ ఒండ్రు నేలని జున్నుముక్కలా ఊపుతారు. అంత నిదానమైన ఊపుని ట్యూబులు ఆపలేవు.

గురువారం రాత్రి రెండింటి నుంచి మూడింటి దాకా మా వీధికి రావద్దండి. ఆయ్, ఆ గంట చాలు.

ఇట్లు,
వెనక గది లెక్చరరు