చెక్కగోడ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ కొండల పడమటి వాలున, వాన ఒక పట్టాన వదలని చోట మా బావమరిది చిన్న కాబిన్ కొన్నాడు. దాని బయటి గోడకు సీడార్ పలకలు బిగించే సందర్భంలోనిది ఈ ఆటవెలది. కవి అజ్ఞాతుడు. నిచ్చెన పట్టుకుని ఊరికే నిలబడ్డవాడెవడో అయి ఉండాలి.

కింద మొదలు పెట్టి కిందటి పలకపై
అంగుళంబు మేర హత్తి పేర్చి
మేకు నొకటె కొట్టి మెదలగా వదలిన
వానకైన చెక్క వంగబోదు

టీక: కింద = నేలకు కనీసం ఆరంగుళాల ఎత్తున; మొదలు పెట్టి = రసమట్టం చూసి తొలి పలక బిగించి; కిందటి పలకపై = అంతకుముందు కొట్టిన పలక మీదికి; అంగుళంబు మేర = అంతకు తగ్గకుండా; హత్తి పేర్చి = ఆనించి, వరసగా పేర్చి; మేకు నొకటె కొట్టి = ఒక్కో స్టడ్ (గోడ లోపలి నిలువు చెక్క) దగ్గర ఒక్క మేకే దిగ్గొట్టి; మెదలగా వదలిన = కదిలే వీలిస్తే; చెక్క = ఆ పలక; వానకైన = ఎంతటి వానకైనా; వంగబోదు = మెలి తిరగదు.

తాత్పర్యం: స్పష్టమే.

విశేషాలు: 'కిందటి' అనే మాటలో శ్లేష ఉంది. ముందు కొట్టిందీ, దిగువన ఉన్నదీ ఒకే పలక. పైనుంచి మొదలుపెట్టేవాడికి ఈ శ్లేష దక్కదు, గోడా దక్కదు. పలకను దేవదారు అని కొందరు అర్థం చెబుతారు. పొరపాటు. పేరుకు సీడారే గానీ ఇది థూజా జాతి చెట్టు.

పద్యానికి ప్రాణం 'ఒకటె'లోని ఏవకారం. ఇక్కడ పూర్వపక్షం మా బావమరిదిది: "ఒకటి మంచిదైతే రెండు ఇంకా మంచివి కదా!" పైన ఒకటి, కింద ఒకటి కొట్టాడు. చెక్క తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. రెండు మేకులూ రెండు వైపులా పట్టుకుంటే పాపం ఎటు పోతుంది? ఆగస్టు ఎండకు నడుమ పొడవునా చీలింది. మేకు దిగాల్సింది కింది పలక పై అంచును దాటి, కాస్త ఎగువన. అప్పుడు పై పలకను పట్టుకుంటుంది, కిందిదాన్ని గుచ్చదు.

'మేకు' అన్నాడే గానీ ఏ మేకో కవి చెప్పలేదు. మేం ఇనపవి కొట్టాం. మొదటి వానకే ప్రతి మేకు కిందా కాటుక కారినట్టు నల్లటి చార. సీడార్‌లోని టానిన్‌కు ఇనుము తగిలితే అంతే. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్లతో నల్లగీత తెప్పించేదీ ఈ గుణంతోనే. వాళ్లది కళ, మాది మరక. స్టెయిన్‌లెస్ స్టీలు మేకులని అధ్యాహారం చేసుకోవాలి.

కిటికీ చట్రానికి తెచ్చిన పట్టీ పేరు వన్ బై ఫోర్. టేపు పెడితే మందం ముప్పావు అంగుళం, వెడల్పు మూడున్నర. ఇక్కడ వాచ్యార్థం చెల్లదు, లక్షణార్థమే శరణ్యం. ముందు ఈ పట్టీ, తర్వాత దానికి ఎనిమిదో వంతు అంగుళం ఎడంగా పలకలు. పై పట్టీ నెత్తిన వంచిన రేకు పెట్టి, దాని వెనక అంచును పలకల వెనకుండే గోడ కాగితం కిందికి దోపాలి. రేకుకీ పలకకీ మధ్య సందు మూయకూడదు. లోపలికి చేరిన నీరు బయటికొచ్చే దారి అదే. మా బావమరిది ఆ సందు నిండా సీలెంట్ పూశాడు.

నేను నిచ్చెనెక్కి దాన్ని చాకుతో గీకుతుంటే కింద నుంచి అడిగాడు: "అయినా బావా, పద్యంలో కిటికీ ఎక్కడుంది?"

"'వానకైన'లో ఉంది. నిచ్చెన గట్టిగా పట్టుకో."