వెలుగు ముందుకి, వేడి వెనక్కి

నేను అంబాసిడర్ మార్క్ 2 కారు కుడి హెడ్‌లైటు డూమ్‌ని. ఏడంగుళాల గుండ్రటి రేకు ఒళ్లు నాది. లోపల తళతళలాడే అల్యూమినియం పూత, ముందు గీతలు దేరిన గాజు, వీపున బల్బు పెట్టే రంధ్రం. మా కారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో పుట్టింది. 2014లో అక్కడ అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. మేము మాత్రం విజయవాడలో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాం.

నా మొదటి బల్బు మామూలు ఫిలమెంటుది. బ్రైట్‌లో 45 వాట్లు, డిమ్‌లో 40 వాట్లు. పసుప్పచ్చని వెలుగు. ఆ రోజుల్లో రోడ్డుకీ, మా వేగానికీ అది సరిపోయేది. బల్బు వెలిగినకొద్దీ టంగ్‌స్టన్ తీగ ఆవిరై గాజు లోపల నల్లగా పేరుకునేది. దాంతో వెలుగు నానాటికీ మసకబారేది.

హైదరాబాదు రోడ్డు మీద లారీలు పెరిగాయి. మా అయ్యగారికి వయసు మీదపడింది. నందిగామ దాటాక ఎదురు లైట్ల జిగేలుకి రోడ్డు అంచు కనబడక ఆయన స్టీరింగు మీదికి వంగి మరీ నడిపేవారు. అందుకే హాలోజన్ బల్బులు కొన్నారు. పాత రంధ్రంలో పట్టే అడుగుతోనే అవి బజార్లో దొరుకుతాయి కాబట్టి, నా ఒంట్లో ఏమీ కోయకుండానే బిగించారు. బ్రైట్ 100 వాట్లు, డిమ్ 90.

హాలోజన్ గొప్పదనాన్ని నేను తక్కువ చేయను. అమెరికాలో 1959లో పేటెంటు పొందిన ఈ దీపం 1962లో యూరప్ కార్లకెక్కింది. రెండు ఫిలమెంట్ల హెచ్4 బల్బు 1971లో వచ్చింది. ఆ చిన్న క్వార్ట్జ్ బుడ్డిలో అయోడినో బ్రోమినో కొద్దిగా ఉంటుంది. ఆవిరైన టంగ్‌స్టన్‌ని అది పట్టుకుని మళ్లీ తీగ దగ్గరికే చేరుస్తుంది. అందుకే బుడ్డి నల్లబడదు. అయితే ఈ పని జరగాలంటే బుడ్డి గోడ సుమారు 250 డిగ్రీలు దాటి వేడెక్కి ఉండాలి. అంటే ఆ బల్బుకి వేడి కావాలి. ఆ వేడిని భరించాల్సింది నేను.

బల్బు తాగే కరెంటులో వెలుగయ్యేది బహు కొద్ది, మిగతాదంతా వేడే. 45 వాట్ల కోసం చేసిన నా ఒంట్లో 100 వాట్లు వెలిగితే ఎలా ఉంటుంది? కారు పరుగెడుతుంటే గాలి తగిలి కాస్త ఊరట. రైల్వే గేటు దగ్గర లైట్లు ఆర్పకుండా ఆగినప్పుడు మాత్రం నరకం. కొన్నాళ్లకు బల్బు పైభాగాన నా పూత గోధుమరంగుకి తిరిగి, పొరలు పొరలుగా లేచింది. నా వీపు మీది రబ్బరు తొడుగు బిరుసెక్కి పగిలింది. పూత పోయిన చోట వెలుగు తిరిగి రాదు. ఎంత పెద్ద బల్బు పెట్టినా రోడ్డు మీద పడేది తగ్గిపోతుంది.

నాకంటే ఎక్కువ కష్టపడింది నా వెనకవాళ్లు. కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే రిలే మా కార్లో లేదు. హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చిలోంచి, అక్కడినుంచి అయ్యగారి ఎడమ కాలి కింది డిప్ స్విచ్చిలోంచి రావాలి. రెండు పాత బల్బులకు ఏడున్నర ఆంపియర్లు చాలేవి. రెండు 100 వాట్ల బల్బులకు పదహారు దాటుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే తీగలో, అదే స్విచ్చిలో వేడి దాదాపు ఐదు రెట్లు. పాత డైనమో ఇవ్వగలిగినదే ఇరవై ఆంపియర్ల చిల్లర. అందులో ఇంత మేమే తాగేస్తే బ్యాటరీకి మిగిలేదేముంది?

ఒక రాత్రి సూర్యాపేట దగ్గర ఎదురుగా లారీ వచ్చింది. అయ్యగారు డిమ్ చేద్దామని కాలితో స్విచ్చి నొక్కారు. లోపల కాంటాక్టు అప్పటికే మాడిపోయి ఉంది. నేనూ, ఎడమవైపు నా తోడూ ఒక్కసారిగా ఆరిపోయాం. చిమ్మచీకటి. కాళ్ల దగ్గర రబ్బరు కాలిన కంపు. లారీ వెలుగులో కనబడినంత మేర చూసుకుని ఆయన కారుని మట్టి అంచుకి దించారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ సాయిబుగారు స్విచ్చి విప్పి, కరిగిన తీగ తొడుగు చూపించారు. "బాబుగారూ, బల్బు మార్చారు గానీ దారి మార్చలేదు" అన్నారు. ముందు మీటరు పెట్టి, బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులున్నాయో, నా దగ్గరికి ఎన్ని వస్తున్నాయో కొలిచారు. పదో వంతు వోల్టేజీ దారిలో పోతే వెలుగులో సుమారు ముప్పై శాతం పోతుంది. 100 వాట్ల బల్బు పెట్టినా మసగ్గా ఉండటానికి అసలు కారణం అదే.

ఆయన 60/55 వాట్ల హాలోజన్ బల్బులు తెప్పించారు. బ్యాటరీ నుంచి ఫ్యూజులతో లావు తీగ లాగి, బ్రైట్‌కొకటి, డిమ్‌కొకటి రిలేలు బిగించారు. పాత స్విచ్చిలకి ఇప్పుడు రిలేని లేపేంత కొద్దిపాటి కరెంటే. ఎర్త్ తీగని తుప్పు గీకి బిగించారు. వేడికి తట్టుకునే పింగాణీ హోల్డర్లు వేశారు. బుడ్డిని వేళ్లతో ముట్టుకోకుండా బట్టతో పట్టుకుని పెట్టారు, ఎందుకంటే చేతి జిడ్డు అంటిన చోట క్వార్ట్జ్ దెబ్బతింటుంది. మా జోడీకి కొత్త పూత వేయించారు. ఆ 60 వాట్లతో నేను వేసిన వెలుగు, వెనకటి 100 వాట్లతో ఎన్నడూ వేయలేదు.

పాత కార్లను ప్రేమించేవారికి నా మనవి ఒకటుంది. బ్రేక్ లైటులో, ఇండికేటర్లో పెద్ద వాట్ల బల్బు పెట్టకండి. అక్కడి ప్లాస్టిక్ నాకంటే త్వరగా కరుగుతుంది. ఎల్ఈడీ పెట్టాలనుకుంటే దాని వేడి వెనక్కి పోతుందనీ, ఫిలమెంటు కోసం వంపు తిరిగిన నాలాంటి డూమ్‌లో అది వెలుగుని చెల్లాచెదురు చేసి ఎదుటివాడి కళ్లలో కొట్టవచ్చనీ తెలుసుకోండి. బల్బు కొనే ముందు ఇంజను నడుస్తుండగా, లైట్లు వేసి, మీ కారు డూమ్ వీపు దగ్గర వోల్టేజీ కొలిపించండి. తక్కువ వస్తే ముందు తీగలు, కాంటాక్టులు, ఎర్త్ బాగుచేయించండి. చాలా కార్లకు అంతటితోనే కావలసిన వెలుగు వచ్చేస్తుంది. ఆ తర్వాత కూడా చాలకపోతే అప్పుడు బల్బు సంగతి ఆలోచించండి.