గోడ మీద ఆర్డరు

ప్రొద్దుటూరుకు బంగారం, పత్తి చాలనట్టు ఇప్పుడు జిరాఫీలు కూడా దిగినాయి. కోడలికి మూడో నెల అని తెలిసిన మరుసటి వారమే ‘బేబీ రూమ్’కు కొలతలు తీయిస్తున్నారు. థీమ్ ఏదని అడుగుతాడంట డెకరేటరు. సఫారీనా, మేఘాలా, నెలవంక మీద కూర్చొని నిద్రపోయే ఎలుగుబంటా? రంగులేమో బూడిద, గోధుమ, వెలిసిన గులాబీ. మా చిన్నప్పుడు గోడ ఆ రంగుకు తిరిగితే పండగలోగా సున్నం కొట్టించుకోమని పోరేవాళ్లు. ఇప్పుడు దానికే చదరపు అడుగు లెక్కన డబ్బు కడుతున్నారు.

మే నెల రానీండి. జమ్మలమడుగు ఎండకు ఆ స్టిక్కరు జిరాఫీ తలకాయ వాల్చేస్తుంది. గదిలో ఏసీ ఉంది కదా అంటారు. ఉంది, ఎవరికి? పురుడు పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో వస్తే గానీ బిడ్డ నాయన ఇంటి గడప చూడదు. అంతవరకూ ఆ గదిలో మామగారు మధ్యాహ్నం కునుకు తీస్తాడు. బిడ్డ వచ్చినాక మాత్రం? పడుకునేది తల్లి పక్కలోనే. పసిబిడ్డకు వేరే గది అనే సోకు ఎక్కడినుంచి తెచ్చుకున్నామో, ఆ అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘమే కనీసం ఆరు నెలలు బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే, కాకపోతే వేరే పక్క మీద, పడుకోబెట్టమని మొత్తుకుంటోంది. వాళ్లు వద్దంటున్నది మనం వాయిదాల మీద కొంటున్నాం.

అసలు ఆ బొమ్మలు చూసేదెవరు? అప్పుడే పుట్టిన బిడ్డ చూపు జానెడుకు కొంచెం అటూ ఇటూ, అంతే. పాలు తాగేటప్పుడు తల్లి మొహం ఎంత దూరముంటుందో అంత. ఎదురుగోడ దాని లెక్కలో అడవి అవతల ఊరు. 1961లో అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పసిబిడ్డల కళ్లు దేనిమీద ఎక్కువసేపు నిలుస్తాయో లెక్కగట్టి చూసినాడు. చప్పిడి రంగుల మీద కాదు, గీతలూ గళ్లూ ఉన్న వాటి మీద, మనిషి మొహం లాంటి వాటి మీద. అవ్వ మొహమూ, ఆమె నుదుటి మీద అర్ధరూపాయంత బొట్టూ ఆ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసయ్యేవి. ఆమెను వంటింట్లోకి తోలి, గదికి బూడిద రంగు వేయిస్తున్నాం. ఆ రంగు వాసనైనా పోయిందో లేదో ఎవరూ చూడరు.

జంతువులే కావాలంటే దూరం పోవాల్నా? ముద్దనూరు పక్కన చింతకుంట గుండ్ల మీద ఎర్రరంగు, తెల్లరంగుల్లో మూపురమున్న ఎద్దులు, జింకలు వేలయేండ్లుగా ఉన్నాయి. ఆ తట్టు ఎన్ని కార్లు పోయినా, వాటికోసం ఒక్కటీ ఆగదు. 1900 తర్వాత లోకంలో లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనపడింది మన కడప జిల్లాలోనే. ఆ పిట్ట బొమ్మ ఉన్న బేబీ రూమ్ ఎక్కడైనా ఉంటే చెప్పండి, టిక్కెట్టు పెట్టుకొని వచ్చి చూస్తా.

ఇదంతా డబ్బున్నోళ్ల సరదాలే, పోనీలెమ్మని ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేనిది ఇంకొకటుంది. దీనికి డెకరేటరు అక్కరలేదు, తిరునాళ్లలో దొరుకుతుంది. అదే, ఆ పిల్లోడి పోస్టరు. నీలికళ్లు, రాగిజుట్టు, పాలమీగడ ఒళ్లు, నెత్తిన ఉన్ని టోపీ. కడుపుతో ఉన్న అమ్మాయి పడకకు ఎదురుగా దాన్ని తగిలించి, “లేస్తూనే దీని మొహమే చూడమ్మా, ఇట్లాంటి బిడ్డే పుడతాడు” అని అత్త చెబుతుంది. పెద్దమ్మ చెబుతుంది. ఎమ్మెస్సీ బయాలజీ చదివిన ఆడబిడ్డ కూడా చెబుతుంది.

నాయన కడప నల్లబండ రంగు. తల్లి చామనచాయ. రెండువైపులా ఏడు తరాలు వెదికినా నీలికళ్లోడు ఒక్కడు దొరకడు. నలభై మూడు డిగ్రీల ఎండలో ఉన్ని టోపీ పెట్టుకున్న ఆ పిల్లోడు ఈ ఇంట్లో ఏ దోవన పుట్టాల? పుట్టినాడే అనుకోండి, ముందు గుండె ఆగేది ఆ అత్తకే. తొమ్మిది నెలలు చూడమని పోరిన మనిషే, తొమ్మిది నిమిషాల్లో పంచాయితీ పెట్టిస్తుంది.

బొమ్మ చూస్తే బిడ్డ రంగు మారేటట్టయితే పులివెందుల చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ అరటిగెలలు పుట్టాల, పగలంతా చూసేది వాటినే కదా. రంగు తల్లిదండ్రుల జన్యువుల్లోంచి వస్తుంది. కంటిలోంచి కడుపులోకి దోవ లేదు. పోస్టరుతో ఆగుతారా? పాలల్లో కుంకుమపువ్వు. ప్రొద్దుటూరు షరాబు బంగారం తూచినట్టు తూచి, రెండు పోగులు. అదే ఇంట్లో ఆశా కార్యకర్త ఇచ్చిపోయిన ఎర్ర ఐరన్ మాత్రలు బీరువా మీద దుమ్ము పట్టి ఉంటాయి. వాటితో బిడ్డ నల్లగా పుడతాడంట! అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత. ఒంట్లో నెత్తురు లేక తల్లి పాలిపోతుంటే, బిడ్డకు తెలుపు వస్తోందని సంబరపడే జనానికి ఏం చెప్పేది?

సరే, తెల్లోడు వద్దు, మన బాలకృష్ణుడు ఉన్నాడు కదా అంటారు భక్తులు. పాత ఇండ్లలో ఉండే క్యాలెండరు కృష్ణుడైతే నాకేం పేచీ లేదు. లేపాక్షి గుడిలో వటపత్రశాయి మరీ ముద్దొస్తాడు, ఎటు నిలబడినా మననే చూస్తున్నట్టుంటాడు. కానీ ఇప్పుడు దొరికే కృష్ణుణ్ని చూసినారా? నల్లనయ్య అని పేరున్న దేవుడికి గులాబీ బుగ్గలు! ఫెయిర్‌నెస్ క్రీమ్ యశోద పూసిందో, ప్రింటర్ పూసినాడో.

ఇంకో సంగతి. ఈ పోస్టర్లలో ఆడపిల్ల ఏది? తిరునాళ్లలో అంగడాయన్ని అడిగినా. “తెస్తే మిగిలిపోతాయి సార్” అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన గిరాకీ చూసినాడు. తప్పు మనది. లింగనిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది. ఆడో మగో ఇక్కడ చెప్పబడదని స్కానింగ్ గది బయట బోర్డు ఉండాల్సిందే. ఉంటుంది కూడా. నేను పోయిన ఒక నర్సింగ్ హోములో ఆ బోర్డుకు ఎదురుగోడ మీద నలుగురు మగపిల్లలు నవ్వుతున్నారు, నలుగురూ తెల్లోళ్లే. ఆ బొమ్మలకు ఎదురుగా బెంచీ మీద, చేతిలో ఫైలు పట్టుకొని, ఇంకా ఇరవై ఏండ్లన్నా నిండినట్టు లేని చామనచాయ అమ్మాయి. ఆమె లాంటి బిడ్డ వద్దని ఆమె ఎదురుగానే నాలుగు ఫ్రేములు కట్టి చెబుతున్నాం. ఆమెనే వాటిని చూడమంటున్నాం. సిగ్గు లేదు మనకు. చదువుకున్న డాక్టర్లు రోజూ ఆ గోడ ముందునుంచే లోపలికి పోతారు, బయటికొస్తారు. ఒక్కరి చెయ్యి ఆ మేకు మీదికి పోదు.

ఈసారి మీ ఇంటి కోడల్ని పిలుచుకొని పరీక్షకు పోయినప్పుడు అట్లాంటి బొమ్మ కనపడితే గొడవేం పడొద్దు. డాక్టరమ్మను మర్యాదగా ఒక్కమాట అడగండి: “ఏమ్మా, ఈ పిల్లోడు ఎవురి బిడ్డ? పురుడు మీరే పోసినారా?”